పొట్టలో చుక్క

నవంబర్ 2, ఆదివారం

రేపు ఉదయం ఆరింటికి బయలుదేరాలి. సామాను సర్దడం అయిపోయింది. ఈయనది ఒక చేతిసంచీ. నావి రెండు పెద్ద పెట్టెలు, ఒక అట్టపెట్టె. అట్టపెట్టెలో నిఘంటువులున్నాయి. చుట్టాలనీ స్నేహితులనీ చూసి రావడానికి నిఘంటువులెందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి సమాధానం సిద్ధం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఈయన కిమ్మనకుండా తీసుకెళ్ళి డిక్కీలో పెట్టారు.

వరస ఇదీ. మొదట మరిది ఇల్లు. తర్వాత పక్క కుర్చీ ఇల్లు. (ప్రెస్సులో పంతొమ్మిదేళ్ళు నా పక్క కుర్చీలో కూచున్న మనిషి. సొంత పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.) తర్వాత మేమిద్దరం మొదటిసారి కలుసుకున్న ఊరు, అక్కడ దర్జీగారి ఇల్లు. ఆ ఊరు వద్దన్నారు ఈయన. దారి బాగోదన్నారు, దర్జీగారికి చూపు ఆనడం లేదన్నారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే వరస. తను మాత్రం పని మీద మూడు నాలుగుసార్లు వెళ్ళొచ్చారు, నేను వస్తానంటే ఏదో ఒక అడ్డం. ఈసారి పట్టుబట్టాను. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు కదా.

చివర అక్కా బావల ఇల్లు. అక్క ఇంట్లో కింద గది ఖాళీ అయింది. నేనక్కడే ఉండిపోతాను. అక్కకి ఇంకా పూర్తిగా చెప్పలేదు, కొన్నాళ్ళుంటానని మాత్రం అన్నాను. తిరుగు ప్రయాణంలో కారులో ఈయన ఒక్కరే ఉంటారు.

(దీని తర్వాత ఒక వాక్యం రాసి కొట్టేశాను. నా డైరీయే అయినా అన్నీ రాయక్కర్లేదు.)

విడిపోవడం కాదు, విడిగా ఉండడం. రెంటికీ తేడా ఉంది. మాటల మధ్య తేడాలు చూపించడమే ముప్ఫయ్యేళ్ళు నా ఉద్యోగం. సెప్టెంబరులో నేనే అన్నాను, అక్క దగ్గరికి వెళ్ళి ఉంటానని. ఈయన బ్రష్షు కడుగుతున్నారు. కడగడం పూర్తిచేసి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, అప్పుడు "సరే" అన్నారు. అంతే. రెండక్షరాలు. అందులో దిద్దడానికి కూడా ఏమీ లేదు.

వెళ్ళిన ప్రతి ఇంట్లో మా నోటితో మేమే చెప్పాలని ఒప్పందం. వాళ్ళకి ఆ నోటా ఈ నోటా తెలిస్తే బాగుండదు.

నాకేం బాధగా లేదు.

నవంబర్ 3, సోమవారం

కారు వయసు పద్దెనిమిది. నా వైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. ఆగిన ప్రతిచోటా ఈయన దిగి, ముందునుంచి చుట్టి వచ్చి, బయటినుంచి తీయాలి. ఆ మోడలుకి గొళ్ళెం దొరకదని మెకానిక్కు చేతులెత్తేశాడు. చూసేవాళ్ళు మాత్రం ఎంత మర్యాద అనుకుంటారు. పెట్రోలు బంకులో ఒకావిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచి మరీ చూపించింది.

నాలుగు గంటల ప్రయాణంలో ఈయన పలికినవి: "నీళ్ళు", "అద్దం పైకెత్తు", "ఊఁ" (ఆరుసార్లు).

ఒకప్పుడు ఇలా వెళుతుంటే బోర్డుల ఆట ఆడేవాళ్ళం. దారి పక్కన కనబడ్డ ప్రతి బోర్డుకీ అక్షరాల కట్టు చూసి ఈయన మార్కులు వేసేవారు, తప్పులు చూసి నేను తీసేసేదాన్ని. "ఆ క చూడు పంతులమ్మా, నడుం పట్టేసినవాడిలా ఎలా వంగిందో" అనేవారు. వంగితే వంగింది, పక్కన దీర్ఘం ఏదీ అనేదాన్ని. పిల్లలు లేని ఇల్లు మాది. మాటలతోనే నిండిపోయేది.

ఇప్పుడు దారంతా మెషిన్ల మీద అచ్చుకొట్టిన బోర్డులే. చేత్తో రాసింది ఒక్కటి కనబడింది, సైకిలు షాపుది. 'అన్ని రకముల మరమత్తులు చేయబడును.' మరమ్మతులు అని ఉండాలి. ఈయన కారు నెమ్మది చేశారు. ముందు బండి లేదు, గుంత లేదు. నేను పళ్ళు బిగపట్టి కూచున్నాను. బోర్డు దాటాక మళ్ళీ వేగం పెంచారు.

మరిది ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. కొత్త అల్లుడు కూడా ఉన్నాడు, ఈ మధ్యే ఇంటివాడైన అబ్బాయి. సాయంత్రం టీల దగ్గర మరిది అడగనే అడిగాడు, "మా అల్లుడు వినలేదు, చుక్క కథ చెప్పు వదినా" అని.

చెప్పాను. నాకప్పుడు ఇరవై ఆరు. ప్రెస్సులో ప్రూఫులు చూసే పనిలో చేరి నాలుగు నెలలు. మధ్యాహ్నం కిందికి దిగితే ఎదురుగా కొత్త దర్జీ దుకాణం. దర్జీగారు భార్య మీద ప్రేమకొద్దీ దుకాణానికి 'అర్ధాంగి' అని పేరు పెట్టుకున్నారు. నిచ్చెన మీద ఈయన. ర కింద వేలాడే ధకి పొట్టలో చుక్క పెట్టేశారు, అది కాస్తా థ అయి కూచుంది. నేను కింద నిలబడి, "అయ్యా, చుక్క లేకపోతే సగం, చుక్క ఉంటే భావం. భార్య మొగుడిలో సగం గానీ మొగుడికి టీకాతాత్పర్యం కాదు, ఆ చుక్క తీసేయండి" అన్నాను. ఈయన తీసేశారు. ఆ వారంలోనే ప్రెస్సు పెద్ద ఊరికి తరలిపోయింది. ఈయన బ్రష్షులు సంచీలో వేసుకుని వెనకే వచ్చారు. ఆర్నెల్లకి పెళ్ళి.

"అలా అర్ధానికీ అర్థానికీ తేడా తెలియని మనిషిని కట్టుకున్నాను" అని ముగిస్తాను ఎప్పుడూ. అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈయన కూడా నవ్వారు. ఆ కథకి ఈయన ఎప్పుడూ నవ్వుతారు.

భోజనాల దగ్గర ఈయన గొంతు సవరించుకున్నారు. నేను చప్పున మరిది భార్యని ఉప్పు అందుకోమన్నాను.

నవంబర్ 4, మంగళవారం

ఇవాళ కూడా చెప్పలేదు. రేపు బయలుదేరేముందు చెబుతాం.

నవంబర్ 5, బుధవారం

చెప్పలేదు. కారు దగ్గర ఈయన నా తలుపు తీసి పట్టుకుంటే మరిది భార్య చూసి, "బావగారు ఇంకా తలుపు తీసి పెడుతున్నారు, చూసి నేర్చుకోండి" అని మొగుడికి చురక వేసింది. ఆ మాటయ్యాక ఏ మొహం పెట్టుకుని చెబుతాం? దారిలో "పక్క కుర్చీకి తప్పకుండా చెప్పాలి" అన్నాను. ఊఁ అన్నారు.

నవంబర్ 6, గురువారం

ప్రూఫులు చూడడం ఇద్దరు మనుషుల పని. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఒకరు అచ్చుకాగితం మీద దిద్దాలి. ఆమె చదివేది, నేను దిద్దేదాన్ని. మొదటి ఊళ్ళో మొదలుపెట్టి, ప్రెస్సుతో పాటే ఊరు మారి, మొత్తం పంతొమ్మిదేళ్ళు. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి కాబట్టి ఆ అలవాటు ఆమెకింకా పోలేదు. నిన్న గుమ్మంలోనే "వచ్చావా కామా ఎంత చిక్కిపోయావే ఆశ్చర్యార్థకం" అంది. కడుపుబ్బ నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఇవాళ ఈయన వరండాలో ఆమె ఇంటి నంబరు పలకకి కొత్త రంగు వేస్తూ కూచున్నారు. అడక్కుండానే. మేమిద్దరం గదిలో పాత ప్రూఫుల కట్ట విప్పాం. ఆ కాగితాల వాసన, సిరా మరకలు, మధ్యాహ్నం మూడింటికి వచ్చే ఎండ, మెషిన్ల మోతకి బల్ల మీద గ్లాసులో వణికే నీళ్ళు, అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి. నా ఎర్ర పెన్సిలు గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ప్రెస్సు మొత్తంలో చుక్కలు పెట్టనిదానివి నువ్వొక్కదానివే" అంది. పొరపాటున కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, కొట్టేయడం తప్పు, ముందున్నట్టే ఉంచండి అని గుర్తు. అందరూ పెట్టేవాళ్ళు. నేను పెట్టలేదు. నువ్వు చుక్కలు పెట్టిన రోజు ప్రెస్సుకి సెలవిస్తానని మా హెడ్డు అనేవాడు. పాపం ఆ సెలవు ఇవ్వకుండానే రిటైరయ్యాడు.

తర్వాత ఇంకోటి తవ్వింది. చేరిన కొత్తలో నేను గోడకి చీటీ అంటించానట, 'ర కింద ఎప్పుడూ థ' అని. విద్యార్థి, ప్రార్థన, పదార్థం అంటూ జాబితా రాశానట. ఆ ఊపులో వర్ధంతికి కూడా చుక్క పెట్టేస్తే హెడ్డు ఎగిరిపడ్డాడట. నాకు గుర్తులేదు. అలాంటి పని నేను చేసి ఉండను. ఎవరో అయి ఉంటారు. పక్క కుర్చీకి వయసు మీదపడింది.

సాయంత్రం వంటింట్లో గొంతు తగ్గించి, "మీ ఆయన ఇలా ఎందుకయ్యాడే ప్రశ్నార్థకం" అని అడిగింది. ఏం లేదన్నాను. ఇక్కడ రాస్తాను.

మార్చిలో ఈయన దుకాణం మూసేశారు. బోర్డులు రాసేవాళ్ళ సంఘం సన్మానం చేసింది. ఈయన జన్మలో మైకు ముందు నిలబడలేదు. వారం రోజులు అద్దం ముందు చెప్పుకున్నారు, నేను పక్క గదిలోంచి వింటూనే ఉన్నాను. వేదిక మీద రెండు వాక్యాలు బాగానే చెప్పారు. మూడోది, "మీ అందరికీ నా కృతఘ్నతలు" అన్నారు. నేను ముందు వరసలో ఉన్నాను. "కృతజ్ఞతలు" అని అందించాను, గట్టిగానే. "అమ్మగారు దిద్దేశారు" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది. ఈయన చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి కూచున్నారు. అందులో ఇంకా ఒకటిన్నర పేజీ ఉంది. ఏం రాసుకున్నారో ఇప్పటికీ తెలియదు.

తప్పు తప్పే కదా. కృతఘ్నత అంటే చేసిన మేలు మరిచిపోవడం. నిండు సభలో అలా అంటే ఎలా ఊరుకోను? అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఆ రోజునుంచీ ఊఁ. పంతులమ్మా అని పిలవడం కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది.

నవంబర్ 7, శుక్రవారం

పక్క కుర్చీకి చెప్పలేదు. గేటు దగ్గర నా చెయ్యి వదలకుండా, "మళ్ళీ ఇద్దరూ రండి ఫుల్‌స్టాప్" అంది. ఇంటి నంబరు పలక ఎంత అందంగా వచ్చిందో. ఏడు మెడ వంపు అలా తిప్పేవాళ్ళు ఇక పుట్టరు. ఆ మాట ఈయనతో అనాల్సింది.

నవంబర్ 8, శనివారం

వచ్చాం. వీధి అంతే ఉంది, కొంచెం ఇరుకైనట్టుంది. ప్రెస్సు ఉన్న మేడలో ఇప్పుడు పళ్ళ డాక్టరున్నాడు. పక్కనుంచి పైకి వెళ్ళే ఇనప మెట్లు మాత్రం అవే. నేను కూచునే కిటికీ అదే. కింద నిలబడి చూస్తే, అన్నం డబ్బా మూత తెరుచుకుంటూ గబగబా దిగే ఇరవై ఆరేళ్ళ పిల్ల కనబడింది. ఎంత పొగరుగా నడిచేదాన్నో.

ఎదురుగా దర్జీగారి దుకాణం. ఈయన తలుపు తీసి, నేను దిగుతుంటే నాకూ బోర్డుకీ మధ్య నిలబడ్డారు. పక్కకి జరిగి చూశాను.

'అర్థాంగి'. చుక్కతో.

తీయలేదు! నేను చెప్పింది చెవిన పెట్టలేదు. చుక్క తీసేసి నా మెప్పు పొంది పెళ్ళాడిన మనిషి, అసలు చుక్క తీయనేలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఊరూరా ఆ కథ చెప్పించుకుని, పక్కన కూచుని నవ్వారు. ఈ ఊరు రానివ్వకపోవడం ఇందుకా? ఒళ్ళు మండిపోయింది. దర్జీగారు రెండు చేతులూ పట్టుకుని నా గొంతు గుర్తుపట్టారు, ఆయన భార్య టీ ఇచ్చింది, ఏం మాట్లాడానో నాకే తెలియదు. చుక్క కథ చెప్పలేదు. ఈయన వైపు చూడలేదు.

అక్క ఇంటికి వెళ్ళాలన్న నిర్ణయం సరైనదే. ఇక ఏ అనుమానమూ లేదు.

నవంబర్ 9, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం మగవాళ్ళిద్దరూ కారు చక్రానికి గాలి కొట్టించడానికి వెళ్ళారు. దర్జీగారి భార్య బొత్తాలు ఏరుతూ కూచుంది. డెబ్భై అయిదేళ్ళుంటాయి, దుకాణం ఇప్పుడు నడిపేది ఆవిడే. "అమ్మాయీ, నీ చుక్క చూసుకున్నావా?" అంది.

నా చుక్కేమిటండీ, ఆయనదే, తీసెయ్యమంటే తీయలేదు అన్నాను. నా గొంతులో పుల్లవిరుపు నాకే వినబడింది. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. దర్జీలు కత్తిరింపులకి వాడే గోధుమరంగు కాగితం.

ఈయన పని చేసే పద్ధతి అది. అక్షరాలు ముందు కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని బోర్డుకి ఆనించి బొగ్గుపొడి అద్దితే అక్షరాలు దిగుతాయి. చిల్లులన్నీ సన్నగా, వరసగా ఉన్నాయి. అర్ధాంగి. ధ పొట్టలో చిల్లు లేదు.

అక్కడ ఎర్ర పెన్సిలుతో చుక్క ఉంది. ఎదురుగా అంచున అడ్డగీత గీసి, 'థ'. దాని కింద రెండు గీతలు. ప్రెస్సులో రెండు గీతలు కొట్టేది నేనొక్కదాన్నే, ఎవరూ కాదనకుండా ఉండటానికి.

"నిచ్చెన దిగి, చూడండి ఇలాగే గీశానని ఆ కాగితం నీ చేతికిచ్చాడు. నువ్వు చెవి మీది పెన్సిలు తీసి దిద్దావు. మళ్ళీ నిచ్చెనెక్కి చుక్క పెట్టాడు" అంది ఆవిడ.

తను రాసిందే ఒప్పని ఆయనకి తెలుసా అని అడిగాను.

"తెలీకేం. నువ్వు మెట్లెక్కి వెళ్ళిపోయాక మా ఆయన అడిగాడు, ఒప్పే రాశావు కదయ్యా అని. 'అంత నమ్మకంగా చెప్పింది, కాదంటే మొహం చిన్నబోతుంది' అన్నాడు."

మూడుసార్లు బోర్డుకి రంగు వేయించారట. మూడుసార్లూ ఈయనే వచ్చి, ఈ కాగితమే అడిగి, చుక్కతోనే రాశారట. ఒక బడిపంతులుగారు వచ్చి నలుగురిలో గోలపెడితే, "రాసింది నేను, తప్పు నాదే" అన్నారట. పోనీ ఇప్పుడైనా తీసెయ్యవయ్యా అని దర్జీగారు అంటే, "ఏదైనా మారుస్తాను గానీ ఆ చుక్క మార్చను, అది మా ఆవిడది" అన్నారట.

వర్ధంతి కూడా నేనే. గోడ మీద చీటీ నేనే. హెడ్డు ఎగిరిపడ్డప్పుడు తప్పు తెలిసింది, తెలిసిన రోజునే దాన్ని ఈయన మీదికి తోసేసి, అదే నిజమని నమ్మి, ముప్ఫై నాలుగేళ్ళు పదిమందిలో చెప్పి నవ్వించాను. ఎన్ని ఇళ్ళలో చెప్పానో. ఈయన ఒక్కచోట కూడా కాదనలేదు. నేను మాత్రం ఒక్క సాయంత్రం, ఒక్క మాట, దిద్దకుండా ఉండలేకపోయాను.

సిగ్గుతో చచ్చిపోయాను. దర్జీగారి భార్య నా వీపు నిమురుతూ, ఈ కాగితం చూపించానని అతనితో అనకు, నా మీద అలుగుతాడు అంది. ఏడుస్తూనే నవ్వాను.

నవంబర్ 10, సోమవారం

దర్జీగారి ఇంట్లోనూ చెప్పలేదు. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

కారులో చాలాసేపు నీళ్ళు నమిలాను. నాకు తెలిసిపోయిందని చెప్పాలి. క్షమించమనాలి. ఎలా మొదలుపెట్టినా నా వాక్యం నాకే నచ్చలేదు, మనసులోనే కొట్టేస్తూ వచ్చాను. ఒక మలుపులో చేత్తో రాసిన బోర్డు కనబడింది, విత్తనాల కొట్టుది.

"బోర్డు రాసినవాడిది తిరిగిన చెయ్యండీ. ఆ త చూడండి, ఎంత నిండుగా ఉందో" అన్నాను.

ఈయన నా వైపు తిరిగారు. అక్షరాల కట్టు గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు, అది ఈయన వాటా. కొంతదూరం వెళ్ళాక అడిగారు.

"తప్పులెన్ని?"

"నేను చూళ్ళేదు" అన్నాను.

ఈయన కారు చాలాసేపు నెమ్మదిగానే నడిపారు, బోర్డులన్నీ చదవడానికి వీలుగా.

అక్క ఇంటికి చేరేసరికి నాలుగు. అక్క చీపురు పట్టుకునే ఎదురొచ్చింది, కింద గది శుభ్రం చేస్తోందట. బావకి మనుషులు దొరికితే చాలు. "ఏవయ్యా తోడల్లుడూ" అంటూ ఈయన్ని కూచోబెట్టి, టీలు వచ్చాయో లేదో, "మరదలా, చుక్క కథ వినిపించు, విని రెండేళ్ళయింది" అన్నాడు. ఈయన అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు. ఆ మొహం చూడలేకపోయాను.

"ఆ కథలో ఒక తప్పుంది బావా" అన్నాను. "ఈయన రాసింది ఒప్పు. చుక్క పెట్టమన్నది నేను."

బావ ఇదేదో కొత్త హాస్యమనుకుని నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగాడు. ఈయన కప్పు బల్ల మీద పెట్టారు. మళ్ళీ తీశారు. మళ్ళీ పెట్టారు. "ఇప్పుడదంతా ఎందుకులే పంతులమ్మా" అన్నారు, నేలవైపు చూస్తూ.

ఎనిమిది నెలలయింది ఆ పిలుపు విని.

ఇంతలో అక్క కింద గదిలోంచి కేకేసింది, ఎన్నాళ్ళుంటావే, మంచం ఒకటి వెయ్యాలా రెండా అని. ఇక్కడే చెప్పాలి. ఈ ఇంట్లో చెప్పక తప్పదు. ఈయనే చెప్పాలని ముందే అనుకున్నాం, వాక్యం కూడా అనుకున్నాం: 'తను ఇక్కడే ఉంటుంది.' ఈయన లేచి నిలబడ్డారు, మైకు ముందు నిలబడ్డట్టే. చొక్కా సర్దుకున్నారు.

"రెండు వెయ్యండి వదినగారూ. నాలుగు రోజులుంటాం" అన్నారు.

రోజుల లెక్క తప్పు. క్రియ తప్పు. 'ఉంటుంది' ఉండాల్సిన చోట 'ఉంటాం'. అనేసి నా వైపు చూశారు. అక్క గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసింది. బావ కూడా చూశాడు. అందరూ నేనేదో అంటానని ఆగారు.

నేను దిద్దలేదు.

నవంబర్ 11, మంగళవారం

కింద గది బాగుంది. కిటికీ తూర్పుకి. అద్దెకివ్వడానికి బోర్డు పెట్టాలంటోంది అక్క. ఈయన రాసిస్తానన్నారు. నన్ను పక్కన కూచోబెట్టుకుని, సన్మానం రోజు కాగితం జేబులోంచి తీసి ఇచ్చారు. ఇన్నాళ్ళూ జేబు మారుతూ వచ్చిందట. ఒకటిన్నర పేజీ నా గురించే. పదకొండు తప్పులున్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు.

నవంబర్ 14, శుక్రవారం

సామాను మళ్ళీ కారెక్కింది. నిఘంటువుల అట్టపెట్టె మోసి బావ నడుం పట్టుకున్నాడు. నాలుగు రోజులకి ఇవెందుకు తెచ్చావు మరదలా అని అడిగాడు. ఆ సమాధానం ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను గానీ సమయానికి గుర్తు రాలేదు.

బయట ఈయన నా వైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఆలస్యమవుతోందని రెండుసార్లు పిలిచారు. వస్తున్నానన్నాను.

డైరీ సంచీలో పెట్టేముందు మొదటి పేజీ తీశాను. ఆ ఆదివారం కొట్టేసిన వాక్యం, గీత కింద ఇంకా చదవడానికి వస్తోంది: 'వద్దని ఒక్కమాట అంటే ఆగిపోతాను.'

ఎర్ర పెన్సిలు తీసి, దాని కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా వరసగా చుక్కలు పెట్టాను. ఇవాళ ప్రెస్సుకి సెలవు.